ఫిరంగి మీద ఆరేసిన వల

కార్టూనిస్టు కావాలంటే ఏం చదవాలని అడగడానికి అప్పుడప్పుడూ పిల్లలు భవానీపురంలో మా ఇంటికి వస్తుంటారు. చేతిలో ఫోను, ఫోనులో వాళ్లు వేసిన బొమ్మలు. నేను వాటిని చూసి "ముందు కాఫీ తాగండి" అంటాను. ఎందుకంటే ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేదు. నేను చదివింది బందరులో బి.ఏ. నేర్చుకున్నది మాత్రం మా అమ్మ చేపల గంప పక్కన కూర్చుని.

నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఎవరు ఏ సభలో శాలువా కప్పారు అనేవి ఇక్కడ రాయను. ఆ శాలువాలన్నీ బీరువాలో ఉన్నాయి, వాటి సంగతి చిమ్మటలకు నాకంటే బాగా తెలుసు. ఒక్క యుద్ధం గురించి మాత్రం రాస్తాను. డెబ్భై ఒకటి చివర్లో వచ్చిన బంగ్లాదేశ్ యుద్ధం. ఆ కొద్ది నెలల్లో నేర్చుకున్నదానితోనే తర్వాతి ఉద్యోగమంతా నెట్టుకొచ్చాను. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు ఆగదు. యుద్ధం మాట చెబుతూ నవ్వేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అప్పుడప్పుడు అనిపిస్తుంది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

గంప పక్కన

మాది బందరు దగ్గర సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న పడవ మీద వెళ్లేవాడు, అమ్మ మార్కెట్లో చేపలమ్మేది. బడి వదలగానే నేను అమ్మ పక్కకు చేరేదాన్ని. చేప కొనేవాళ్లలో ఒక గుమాస్తాగారు ఉండేవారు. ఆయన చేప మొప్పను రెండు వేళ్లతో ఎత్తి, కళ్లు అరమూసి, మల్లెపూలు వాసన చూసినట్టు చూసేవారు. ఆయన ఇలా మలుపు తిరగగానే మా అమ్మ కళ్లు అరమూసి ఆయనైపోయేది. వరసలో గంపలన్నీ ఘొల్లుమనేవి. అమ్మ ఒక మనిషి నుంచి ఒక్కటే తీసుకునేది, ముక్కు విరుపో, చెయ్యి తిప్పడమో. ఆ ఒక్కదానితో మనిషి మొత్తం దిగిపోయేవాడు. ఆవిడ ఒంటితో చేసినదాన్ని నేను బొగ్గుముక్కతో గోడ మీద చేసేదాన్ని. మొత్తం కార్టూను విద్య ఇంతే. మిగతాది ఇంకు ఒలకకుండా చూసుకోవడం.

చదువయ్యాక విజయవాడలో బందరు రోడ్డు మీదున్న ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దొరికింది. అచ్చుతప్పులు వెతుకుతూ ప్రూఫు అంచుల్లో మంత్రుల ముఖాలు వేస్తుండేదాన్ని. ఒకరోజు అది మా ఎడిటరు శర్మగారి కంట పడింది. ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన ఆ కాగితం చాలాసేపు చూసి, "అమ్మాయ్, ఇది పెద్దగా వెయ్యగలవా?" అన్నారు.

శర్మగారు నవ్వగా చూసినవాళ్లు ఆఫీసులో లేరు. ఆయనకు నశ్యం అలవాటు. బొమ్మ చూస్తూ చిటికెడు పొడి ముక్కు దగ్గరికి తీసుకెళ్లేవారు. ఆ చెయ్యి మధ్యదారిలో ఆగిపోతే బొమ్మ పాసైనట్టు. ఆగకుండా ముక్కు దాకా వెళ్లిపోయి తుమ్ము వచ్చిందంటే ఇంకోటి వేసుకురావాలి. ఆ రోజుల్లో ఆయన తుమ్ములతోనే నా మధ్యాహ్నాలు గడిచేవి.

బొమ్మ కింద పేరు పెట్టొద్దన్నారు. ఆడపిల్ల వేసిందంటే బొమ్మను వదిలేసి పిల్లను చూస్తారని ఆయన భయం. అందుకని మూలన చిన్న చేపముల్లు వేశాను, నడుమ వెన్నెముక, అటూ ఇటూ ముళ్లు. నాకెంతో ముద్దుగా అనిపించింది. బెజవాడ పాఠకులు మాత్రం దాన్ని దువ్వెన అనుకున్నారు. వారం తిరగకముందే "దువ్వెనగారికి నమస్కారాలు" అంటూ పోస్టుకార్డులు మొదలయ్యాయి. దువ్వెనగారు బట్టతల పెద్దమనిషని ఊళ్లో ఒక పుకారు, కాదు నిమ్మకాయలు నిలబెట్టే మీసాలున్నాయని ఇంకో పుకారు. నేను ప్రూఫులు దిద్దుకుంటూ రెండూ వినేదాన్ని.

కుక్క ఏం చేసింది?

ఆ ఏడాది చివరికొచ్చేసరికి ఊరంతా యుద్ధం మాటే. పైన బెంగాలు సరిహద్దు దాటి జనం కట్టుబట్టలతో వస్తున్నారని రోజూ వార్తలు. అందరికీ రక్తం మరుగుతోంది, నాకూ మరిగింది. శత్రుదేశపు సేనానిని కుక్కగా వేసి, తోకకు టపాకాయ కట్టి, శర్మగారి బల్ల మీద పెట్టాను. పెద్ద తుమ్ము తుమ్మారు.

"కుక్క ఏం చేసిందమ్మాయ్?"

"కుక్క కాదండీ, ఆయన..."

"ఆయన చేసిందేమిటో వెయ్యి. కుక్క ఏమీ చెయ్యలేదుగా పాపం."

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పే మొదటి మాట ఇదే. తిట్టు వెయ్యొద్దు, పని వెయ్యండి. తిట్టు వేయడం అందరికీ వచ్చు. బస్సు వెనక సీట్ల మీద చూడండి కావాలంటే.

తర్వాత ఆయన కుర్చీ చూపించి నన్ను కూర్చోమన్నారు. "యుద్ధం కావాలంటావా, వద్దంటావా?"

"వద్దండీ."

"అక్కణ్ణుంచి పిల్లల్ని చంకనేసుకుని వస్తున్నవాళ్ల మాటేమిటి మరి?"

నిజం చెప్పాలంటే ఈరోజుకీ పూర్తి జవాబు లేదు. కానీ ఆ కుర్చీలో కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. యుద్ధం తప్పేట్టు లేదని కుమిలిపోయేవాళ్లతో నాకు పేచీ లేదు. కొత్త సినిమా ఎప్పుడొస్తుందా అన్నట్టు యుద్ధం కోసం చూసేవాళ్లతోనే నా పేచీ. అదే చెప్పాను.

"అలాంటివాళ్లు ఎక్కడున్నారు?" అన్నారు శర్మగారు.

"గాంధీనగరంలో ఉన్నారండీ, ఇడ్లీ తింటున్నారు."

ఇడ్లీ చల్లారిపోతోంది

గాంధీనగరంలో భట్టుగారి కాఫీ హోటలు ఉండేది. గోడ పక్క బల్ల దగ్గర రోజూ ఒక వకీలుగారు, ఒక సినిమా డిస్ట్రిబ్యూటరుగారు కూర్చుని యుద్ధం నడిపేవారు. ఇడ్లీ ఢాకా, సాంబారు పద్మానది, చెంచా మన సైన్యం. డిస్ట్రిబ్యూటరుగారు ప్రతిదీ సినిమా లెక్కల్లోనే చెప్పేవారు. "ఇంటర్వెల్ దాకా మనం ఓపిక పట్టాలండీ. సెకండాఫ్‌లో పారాచూట్లు దిగుతాయి, క్లైమాక్స్ అదిరిపోద్ది!" అంటే, వకీలుగారు "అబ్జెక్షన్! ముందు కరాచీ సంగతి చూడాలి" అని వడను ముందుకు తోసేవారు. పక్క బల్లవాళ్లంతా కుర్చీలు ఇటు తిప్పుకునేవారు.

దాన్ని ఉన్నదున్నట్టు వేశాను. లావాటి చేతులు, నడుమ ఇడ్లీ, నదిలా పారుతున్న సాంబారు, చెంచాలతో ముట్టడి. పక్కన సర్వరు చేతులు కట్టుకుని నిలబడి అంటున్నాడు: "సార్, ఢాకా చల్లారిపోతోంది, తినేయండి."

శర్మగారి చెయ్యి మధ్యదారిలో ఆగింది. ఆగి అక్కడే ఉండిపోయింది. పొడి చొక్కా మీద రాలింది.

మర్నాడు బెజవాడ నవ్వింది. రిక్షాల దగ్గర, ఏలూరు కాలవ వంతెన మీద, కోర్టు వరండాలో, "ఢాకా చల్లారిపోతోందండోయ్" అన్నదే పలకరింపు. నేను ప్రూఫులు పట్టుకుని ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. నా మాట కాని నా మాట ఊళ్లో అందరి నోట్లోంచీ వినపడుతుంటే ఆ సంతోషం ఏ శాలువాకూ రాదు.

నాలుగు రోజులు పోయాక భట్టుగారు ఆఫీసుకొచ్చారు.

"దువ్వెనగారిని ఒకసారి కలవాలమ్మా," అన్నారు నాతోనే.

"లేరండీ. చెప్పండి, నేను చెబుతాను."

"ఆయన చలవ వల్ల హోటలు కిటకిటలాడిపోతోంది, సంతోషం. కానీ వచ్చినవాళ్లంతా ఒక్క ఇడ్లీ తెప్పించుకుని యుద్ధం మొదలుపెడుతున్నారమ్మా. ఆ ఒక్కదాంతోనే బెంగాలంతా గెలిచేస్తున్నారు. రెండో ఇడ్లీ అడిగేవాడు లేడు! దోసె మీద ఏదన్నా వెయ్యమని చెప్పండి, పెద్దది కాబట్టి కాస్త ఖర్చవుతుంది."

అంతకంటే తమాషా, డిస్ట్రిబ్యూటరుగారు ఆ కార్టూనును కత్తిరించి ఫ్రేము కట్టించి తన ఆఫీసులో పెట్టుకున్నారు. "ఆ చెయ్యి నాదే" అని అందరికీ చూపించేవారట. విని పడీపడీ నవ్వాను. నవ్వయ్యాక కాస్త కలుక్కుమంది. వెక్కిరించినవాడే ఫ్రేము కట్టించుకున్నాడంటే నా ముల్లు ఎక్కడా గుచ్చుకోలేదన్నమాట. శర్మగారితో అంటే, "గుచ్చుకోవడానికి ముల్లు చాలదమ్మాయ్, చేప కూడా ఉండాలి" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు.

సముద్రానికి సెలవు

యుద్ధం నిజంగానే వచ్చింది. కిటికీలకు నల్లకాగితాలు అంటించారు. సైరను మోగితే పిల్లలు బల్లల కింద దూరి కేరింతలు కొట్టేవారు. మా పత్రిక యజమానిగారు కబురు పంపారు, శత్రువుకు కొమ్ములు, కోరలు పెట్టి రోజుకో బొమ్మ వేయాలని. నేను శర్మగారి ముఖం చూశాను. ఆయన "నువ్వు ఒకసారి ఇంటికెళ్లి మీవాళ్లను చూసి రా" అన్నారు. అది సెలవో, తప్పించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

బందరులో బస్సు దిగి ఒడ్డుకు వెళితే పడవలన్నీ ఇసకలో బోర్లా పడుకుని ఉన్నాయి. సముద్రం మీదికి ఎవరూ పోవద్దని పోలీసులు చెప్పారట. మా అమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుంది.

"సముద్రానికి సెలవిచ్చారంటే," అంది. "చేపలకి చెప్పారో లేదో మరి."

"నాయన ఏడే?"

"అదుగో, కాలవలో ఏవో చిన్నచేపలు పట్టుకొచ్చాడు. ఒట్టిచేతులతో కూకోలేడుగా మనిషి."

కాపలాకు వేసిన కానిస్టేబులు ఒక్కడే ఒడ్డున నిలబడి ఉన్నాడు. ఎక్కడో మెట్టప్రాంతం మనిషి. సముద్రాన్ని చూడటం అదే మొదలు, పాపం దాన్నే అనుమానంగా చూస్తున్నాడు. మా నాన్న తడివల చిక్కులు తీస్తూ, అటూ ఇటూ చూసి, ఒక కొస ఆయన చేతికిచ్చేశాడు.

"కాస్త పట్టుకో బాబూ."

"నేను డ్యూటీలో ఉన్నా తాతా. ఎవరన్నా చూస్తే నా ఉద్యోగం పోద్ది."

"చూడ్డానికి ఎవరున్నారయ్యా, పీతలు తప్ప?"

కానిస్టేబులు నవ్వాడు. తుపాకి పడవకు ఆనించి వల కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి వల విప్పుతూ విప్పుతూ వెనక్కి నడిచారు. పడవ మీద పరిచారు, కర్రల మీద వేశారు, ఇంకా మిగిలిన కొసను మా నాన్న చూసుకోకుండా తుపాకి మీదే వేసేశాడు. ఆ కానిస్టేబులు అది చూసి, తియ్యకుండా, జారిపోకుండా సరిచేశాడు!

నాకు గుండె ఎగిరి గంతేసింది. అన్నం తినకుండానే తిరుగు బస్సెక్కాను. అమ్మ వెనక నుంచి "ఒసే, కూడు తినెళ్లవే!" అని అరుస్తూనే ఉంది. బస్సులో మోకాలి మీద కాగితం పెట్టి గీశాను. తుపాకి చాలదనిపించి ఫిరంగి చేశాను. సముద్రం వైపు తిరిగిన పెద్ద ఫిరంగి, దాని గొట్టం పొడుగునా ఆరేసిన వల, నడుముకు గోచీ పెట్టుకున్న ముసలివాడు, ఇనపటోపీ సిపాయి. పామర్రు దగ్గర బస్సు గోతిలో పడి గీత పక్కకు పోయింది. ఆ గీతను కాకిని చేసి ఫిరంగి చివర కూర్చోబెట్టాను. ముసలివాడు సిపాయితో అంటున్నాడు: "కాస్సేపే బాబూ, ఆరగానే తీసేస్తాను."

శర్మగారు చూశారు. నశ్యం డబ్బీ మూత కూడా తియ్యలేదు.

"దీంతో గొడవవుతుంది."

"వద్దంటారా?"

"గొడవవుతుందన్నాను. వద్దనలేదు." ఆయన బొమ్మను అచ్చుకు లోహపు బ్లాకు చేసేవాళ్లకు పంపేశారు.

దువ్వెన డౌన్ డౌన్

బొమ్మ అచ్చయిన మర్నాడు ఆఫీసుకు వస్తుంటే బందరు రోడ్డు మీద నా రిక్షా ఆగిపోయింది. ఎదురుగా ఊరేగింపు. కాలేజీ విద్యార్థులు, దుకాణాలవాళ్లు, ముందు ఒక పెద్దావిడ. చేనేత చీర, చేతిలో గొడుగు, ముఖంలో హాజరుపట్టీ పిలిచే గాంభీర్యం. రాజేశ్వరమ్మగారు, గుణదలలో ఒక ఆడపిల్లల హైస్కూలు హెడ్మిస్ట్రెస్. ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో ఫిరంగి దళంలో కెప్టెను. ఇదంతా తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే, ఆవిడ గొడుగు నా వైపు తిరిగింది.

"ఏమ్మా, చూస్తూ కూర్చున్నావేం? లైన్లోకి రా!"

నేను చదువుకున్న బడిలో ఇలాంటి గొంతుకు ఎదురుచెప్పిన పిల్ల లేదు. కాళ్లు వాటంతట అవే దిగి లైన్లోకి వెళ్లాయి. ఎవరో నా చేతిలో ఒక అట్ట పెట్టారు.

అప్పుడు చూశాను దిష్టిబొమ్మను. కోటు, ప్యాంటు, చెవుల దాకా తిప్పిన కొబ్బరిపీచు మీసాలు, జేబులోంచి బయటికి కనపడేలా చెక్కదువ్వెన. అది నేను. నా గురించి ఊరు ఇంత శ్రద్ధ తీసుకుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. భయం వెయ్యవలసింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. దాన్ని కప్పిపుచ్చడానికి గొంతెత్తి అరిచాను.

"దువ్వెన!"

"డౌన్ డౌన్!"

చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకోలుగా చూశారు. నాకు ఇంకా ఉత్సాహం వచ్చింది.

నాలుగడుగులు వేశాక నా ముందున్న కుర్రాడి అట్ట మీద "దేశద్రొహి" అని కనపడింది. ప్రూఫులు దిద్దే చెయ్యి ఊరుకోదుగా. "దీర్ఘమేదీ?" అన్నాను. అదే క్షణంలో పక్కనుంచి రాజేశ్వరమ్మగారు కూడా "దీర్ఘమేదీ?" అన్నారు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ ఊరేగింపును ఆపించి, సంచిలోంచి సుద్దముక్క తీసి, దీర్ఘం పెట్టి, "ఇప్పుడు పదండి" అన్నారు. ఆ తర్వాత నన్ను తన పక్కనే నడవమన్నారు.

అలా వెళ్లి మా ఆఫీసు ముందు ఆగాం. శర్మగారు పైన వసారాలోకి వచ్చారు. కిందికి చూశారు. మొదటి వరసలో అట్ట పట్టుకుని నేను.

"ఆ దువ్వెనను బయటికి పంపండి!" అన్నారు రాజేశ్వరమ్మగారు.

"ఇంకా ఆఫీసుకు రాలేదండీ," అన్నారు శర్మగారు, నన్నే చూస్తూ. "దారిలో ఏదో ఊరేగింపులో ఇరుక్కున్నట్టున్నారు."

అప్పుడే ఎవరో వెనక నుంచి రాయి విసిరారు. మేడ మీద అద్దం భళ్లున పగిలింది. గాజుముక్కలు శర్మగారి పాదాల దగ్గర పడ్డాయి. ఆయన కదల్లేదు. నాలో నవ్వు మాత్రం ఎటో పోయింది. అట్ట కింద పెట్టి, మెట్లెక్కి, జనం వైపు తిరిగి, "నేనేనండీ" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు.

"దువ్వెన నేనేనండీ. అది దువ్వెన కూడా కాదు, చేపముల్లు."

విద్యార్థుల్లోంచి ఒక గొంతు, ఎంతో నిరాశగా, "మరి మీసాలు?" అంది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత సగం ఊరేగింపు నవ్వింది. మిగతా సగం నవ్వలేదు. ఇంకో రాయి కోసం ఒకడు వంగడం నాకు కనపడింది.

"వంగినవాడు ఎవడు?" అన్నారు రాజేశ్వరమ్మగారు వెనక్కి తిరక్కుండానే. వంగినవాడు లేచి నిలబడ్డాడు. ఆవిడ గొడుగు ముడిచి, మెట్లెక్కి, నా రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

మబ్బు

"ఎవరమ్మాయివి?" అన్నారు కూర్చోకుండానే.

చెప్పాను. చేపలమ్మే లక్ష్మమ్మ కూతుర్ని అన్నాను.

"నా కొడుకు ఫిరంగుల దగ్గరున్నాడు. ఇప్పుడు, ఈ నిమిషంలో. వాడి ఫిరంగి నీకు బట్టలారేసుకునే దండెమా?"

ఆ మాటకు తగిన జవాబు తెలివితో వచ్చేది కాదు. అందుకని జరిగింది చెప్పాను. బోర్లించిన గంప, కానిస్టేబులు, పీతలు, తుపాకి మీద వల. "మా నాన్న ఆయన్ని వెక్కిరించలేదండీ. ఇద్దరూ కలిసి వల ఆరేశారు. ఇద్దరి ముఖాలూ ఎంత బాగున్నాయో. నేను అదే వేశాను."

ఆవిడ అసలు బొమ్మ తెమ్మన్నారు. శర్మగారు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని వంగి చూశారు.

"వల ఉండగా పేల్చరు కదూ?" అన్నారు.

"పేల్చరండీ. ఆరేదాకా ఆగుతారు."

"తడివల ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

"ఎండను బట్టండీ."

"మబ్బు పట్టిన రోజైతే?"

"చాలాసేపు పడుతుందండీ."

ఆవిడ తల ఊపారు. "మబ్బు పట్టిందనుకో," అన్నారు మెల్లగా, నాతోనో బొమ్మతోనో. తర్వాత ఆ బొమ్మ అచ్చయిన పత్రిక కాగితం ఒకటి అడిగి తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకున్నారు.

బయటికి వచ్చాక మళ్లీ పాత గొంతే. "అందరూ ఇళ్లకు పొండి. నేను చూశాను, నేను మాట్లాడాను. ఒరేయ్, ఆ డబ్బాలో కిరోసినా? మీ అమ్మకు చెప్పి తెచ్చావా?" వాడు తల దించుకున్నాడు. ఊళ్లో కిరోసిన్‌కు కటకటగా ఉంది. "తీసుకెళ్లి పొయ్యి దగ్గర పెట్టు!" నా దిష్టిబొమ్మ అలా అగ్గి చూడకుండా ఆఫీసు గోడకు ఆనుకుని మిగిలిపోయింది. సాయంత్రం భట్టుగారు దాన్ని రిక్షాలో వేసుకెళ్లి, హోటల్లో వకీలుగారి బల్ల దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు.

ముళ్లు చాలవు, చేప కూడా ఉండాలన్న శర్మగారి మాట నాకు ఆరోజు అర్థమైంది. ఇడ్లీ బొమ్మలో నేను ఎవరినీ ప్రేమించలేదు. వల బొమ్మలో ఇద్దరు మనుషుల్ని ప్రేమించాను. గొడవంతా అందుకే వచ్చింది, మేలంతా అందుకే జరిగింది. మీరు ఏ కోపంతో బొమ్మ మొదలుపెట్టినా సరే, అందులో మీకు ఇష్టమైన మనిషి ఒకరుండాలి.

యజమానిగారు నన్ను తీసేయమన్నారు. శర్మగారు తీయలేదు. బొమ్మలు మాత్రం ఆపక తప్పలేదు. రాజీగా ఆయన ఆ చోట ఇంకేదీ వేయకుండా ఖాళీగా వదిలేశారు. ఆ తెల్లటి చదరం చూసి పాఠకులు "దువ్వెనగారి కొత్త బొమ్మ అద్భుతం, మంచు పడినట్టుంది" అని కార్డులు రాశారు. మా ఆఫీసంతా వాటిని చదువుకుని నవ్వుకునేవాళ్లం. బెజవాడ పాఠకుడి కంటే గొప్ప కార్టూనిస్టు ఎక్కడా లేడు.

యుద్ధం ముగిసిన రోజు బీసెంట్ రోడ్డు మీద నేనూ గంతులేశాను. అందరికంటే గట్టిగా. గెలిచామని కొందరు, ఆగిందని కొందరు. ఆ గుంపులో ఎవరు దేనికి ఎగురుతున్నారో కనిపెట్టడం కష్టం, మిఠాయి మాత్రం ఒకటే.

చెవులు

ఎండాకాలంలో రాజేశ్వరమ్మగారు మళ్లీ వచ్చారు. వెంట పొడుగాటి అబ్బాయి. కెప్టెనుగారు. మర్యాదగా నమస్కారం పెట్టి కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మీ బొమ్మ అమ్మ పంపిందండీ," అన్నాడు. "మా దగ్గర వలలు లేవు. కాల్పులు ఆగాక మావాళ్లు బనియన్లు ఆరేశారు."

నేను పకపకా నవ్వాను. అతను నవ్వలేదు. రాజేశ్వరమ్మగారు నా వైపు చూశారు. ఇది చూపించడానికే తీసుకొచ్చానన్నట్టుంది ఆ చూపు. వచ్చినప్పటి నుంచీ తింటున్నాడు, పడుకుంటున్నాడు, అడిగితే జవాబు చెబుతున్నాడు, అంతేనట.

అతనే అడిగాడు. "చూడని మనిషి బొమ్మ వెయ్యగలరా?"

"చెబితే వేస్తాను."

హరనామ్ అని అతని దళంలో ఒక హవల్దారు. తిరిగి రాలేదు. ఇంట్లోవాళ్ల దగ్గర ఉన్నది సైన్యంలో చేరినప్పుడు తీసిన ఫొటో ఒక్కటేనట, కొయ్యలా బిగుసుకుని. "అందులో వాడు లేడండీ" అన్నాడు.

"ముందు ఏం కనపడుతుంది మనిషిలో?" అన్నాను. మా అమ్మ అడగాల్సిన ప్రశ్న.

"చెవులు. టోపీలో పట్టేవి కావు. ఫిరంగి గుండ్లు పడుతుంటే మాకు భయం పోవాలని వాటిని ఆడించేవాడు. నిజంగా ఆడించేవాడండీ, ఒకటి తర్వాత ఒకటి."

గీశాను. చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకా పెద్దవి." పెంచాను. "ఇంకా." పెంచాను. గడ్డం, నవ్వు, వంకర పన్ను ఒక్కొక్కటే చెబుతూ బల్ల మీదికి వంగాడు. "ఇలా కాదండీ, ఇటువైపుది ఇంకాస్త ముందుకుంటుంది." ఒక చెవి కాగితం అంచు తాకింది. ఇంక చోటు లేదన్నాను. "వాడికీ అదే ఇబ్బందండీ, బంకర్లో" అన్నాడు. అని, తన మాటకు తానే ఉలిక్కిపడ్డట్టు ఆగి, నవ్వడం మొదలుపెట్టాడు. ముందు గొంతులో, తర్వాత భుజాలతో, తర్వాత బల్ల అంతా కదిలేలా. కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే ఉన్నాడు. నేను ఇంకో కాగితం తీసి పక్కన అతికించాను.

రాజేశ్వరమ్మగారు గుమ్మం దగ్గర మాకు వీపు పెట్టి, గోడ మీద ఏమీ లేకపోయినా గోడనే చూస్తూ నిలబడ్డారు.

"ఇంకా పెద్దవి వెయ్యమ్మా," అన్నారు, ఇటు తిరగకుండానే.